ఆరు ఆస్పత్రులు, ఒకే గాజు ట్యూబు

ప్రశ్న: సార్, నమస్కారం. నేను కృష్ణా డెల్టాలో ఒక ఏరియా ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. నాట్లు మొదలయ్యాయంటే మాకు పాము కాటు కేసులు వరసపెట్టి వస్తాయి. ఒకరికి విరుగుడు మందు పది వయల్స్‌తో (చిన్న సీసాలతో) సరిపోతుంది, ఇంకొకరికి ముప్పై ఎక్కించినా డయాలసిస్ దాకా వెళ్తుంది. ఎందుకిలా జరుగుతోందో తెలుసుకోవాలని ఉంది. నా పీజీ బ్యాచ్‌మేట్లు ఐదుగురు చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్నారు. ఆరు ఆస్పత్రులం కలిసి ఏడాదిపాటు ఒక స్టడీ చేద్దామనుకుంటున్నాం. పాత కేస్ షీట్లు తీయాలా, కొత్త కేసులే రాసుకోవాలా? ఎంతమంది పేషెంట్లు కావాలి? ఎథిక్స్ అనుమతి ఆరు చోట్లా తీసుకోవాలా? తక్కువ డోసు, ఎక్కువ డోసు పోల్చి చూద్దామని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. 112 ప్రశ్నలతో ఫారం తయారుచేసి దీంతో జతచేశాను. మాలో స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక యువ వైద్యురాలు

సమాధానం: అమ్మా, మీ ఫారం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఎంతో శ్రద్ధగా తయారుచేశారు. కానీ అర్ధరాత్రి రెండు గంటలప్పుడు క్యాజువాలిటీలో ఒక డ్యూటీ డాక్టరు, ఒక సిస్టర్ మాత్రమే ఉంటారు. ఎదురుగా కనురెప్పలు వాలిపోతున్న మనిషి ఉంటాడు. ఆ సమయంలో 112 ప్రశ్నలు ఎవరూ నింపలేరు. మర్నాడు పొద్దున గుర్తున్నంతవరకు రాసి, గుర్తులేని చోట ‘లేదు’ అని టిక్ పెడతారు. ఆ ‘లేదు’కి అర్థం నిజంగా లేదనా, అడగలేదనా అన్నది ఏడాది తర్వాత మీకు తెలిసే దారి ఉండదు.

అందుకని ముందు ఫారం పక్కన పెట్టండి. ఆరుగురూ ఒక ఆదివారం కూర్చుని, ఈ స్టడీ అయిపోయాక ఏ ఒక్క ప్రశ్నకి జవాబు చేతిలో ఉండాలో తేల్చుకోండి. ‘పాము కాటు కేసులు, వాటి చికిత్స’ అన్నది ప్రశ్న కాదు, అది ఫైలు మీద రాసుకునే పేరు. మీ ఉత్తరంలోనే అసలు ప్రశ్న దాగి ఉంది. ఒకరు పది వయల్స్‌తో లేచి కూర్చుంటే ఇంకొకరు డయాలసిస్ దాకా ఎందుకు వెళ్తున్నారు? నేనైతే దాన్ని ఇలా రాసుకుంటాను: కాటు పడినప్పటి నుంచి మొదటి వయల్ ఎక్కేదాకా ఎంతసేపు పడుతోంది, ఆ సేపు ఎక్కడెక్కడ పోతోంది, ఆ ఆలస్యానికీ కిడ్నీ దెబ్బతినడానికీ ఎంత సంబంధం ఉంది? ఆరు ఆస్పత్రులు ఒక ఏడాదిలో నిజాయితీగా జవాబు చెప్పగల ప్రశ్న ఇది. ఫారంలో ప్రతి గడినీ ఈ ప్రశ్న పక్కన పెట్టి చూడండి. దీనికి పనికిరాని గడి ఎంత ముచ్చటగా ఉన్నా కొట్టేయండి.

మీ ఫ్రెండ్ అన్న డోసు పోలిక మాత్రం ఈ స్టడీలో వద్దు. తెలివితక్కువ ఆలోచన అని కాదు, ఈ పద్ధతిలో దానికి తప్పుడు జవాబు వస్తుంది. మీ వార్డులో ఎక్కువ వయల్స్ ఎవరికి వెళ్తాయి? రక్తం గడ్డకట్టనివాళ్లకి, మూత్రం తగ్గినవాళ్లకి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి. చనిపోయేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ. ఉన్న కేసుల్ని ఉన్నట్టు లెక్కేస్తే ‘ఎక్కువ వయల్స్ ఇచ్చినవాళ్లే ఎక్కువగా పోయారు’ అని తేలుతుంది. ఎవరో ఆ ముక్క పట్టుకుని డోసు తగ్గిస్తే? ఆ ప్రశ్నకి సరైన జవాబు కావాలంటే, ఎవరికి ఏ డోసు అన్నది డాక్టరు ఇష్టం మీద కాకుండా చీటీ తీసినట్టు నిర్ణయమయ్యే ట్రయల్ చెయ్యాలి. దానికి మొదటి పేషెంట్ చేరకముందే సీటీఆర్ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి (2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి). భద్రత చూసే కమిటీ కావాలి, నష్టం జరిగితే పరిహారం ఏర్పాటు కావాలి.

అలాంటిది చేసి చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. శ్రీలంకలో మూడు ఆస్పత్రులు కలిసి, వెయ్యిమందికి పైగా పేషెంట్లతో, విరుగుడు మందుకి వచ్చే రియాక్షన్ని ముందే ఆపగలమా అని ట్రయల్ చేశాయి. 2011లో ఫలితం వచ్చింది. మందు ఎక్కించే ముందు చర్మం కింద ఇచ్చిన 0.25 మిల్లీలీటర్ల అడ్రినలిన్ తీవ్రమైన రియాక్షన్లని మొదటి గంటలో 43 శాతం తగ్గించింది. మనం అలవాటుగా ఇచ్చే హైడ్రోకార్టిజోన్, ప్రోమెథజైన్ వల్ల ఆ ప్రయోజనం కనిపించలేదు. మూడే ఆస్పత్రులు, ఒకే గట్టి ప్రశ్న. మీ ఆరుగురూ ఒక ఏడాది కలిసి పనిచేసి, ఒకరి లెక్క ఒకరు నమ్మగలిగే స్థితికి వస్తే, రెండో మెట్టుగా అలాంటి ట్రయల్ గురించి ఆలోచించండి.

ఇక పాత కేస్ షీట్ల సంగతి. రెండు వారాలు వాటిమీద పెట్టండి, అంతకు మించి వద్దు. జబ్బులకి కోడ్ వేసే చోట టీ63.0 (పాము విషం కోడ్) కింద, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్లో, ఫార్మసీ స్టాక్ రిజిస్టర్లో పోయిన ఏడాది కేసులు వెతకండి. మూడింట్లోనూ మూడు వేరు వేరు సంఖ్యలు వస్తాయి, ఆశ్చర్యపోకండి. ఫార్మసీ నుంచి వెళ్లిన వయల్స్‌కీ కేస్ షీట్లలో రాసిన వయల్స్‌కీ ఎంత తేడా ఉందో చూస్తే, మీ ఆస్పత్రిలో రాతకోతలు ఏ స్థితిలో ఉన్నాయో తెలిసిపోతుంది. నెలకి ఎన్ని కేసులు వస్తాయన్న అంచనా కూడా దొరుకుతుంది. కానీ పాత షీట్లలో కాటు పడిన టైమ్ ఉండదు. సగం వాటిమీద ‘అన్‌నోన్ బైట్’ అని మాత్రమే ఉంటుంది. కట్టు కట్టి తెచ్చారా, పసరు తాగించారా, ఏ ఆర్ఎంపీ దగ్గర ఎంతసేపు ఆగారు, ఇవేవీ ఉండవు. మీ ప్రశ్నకి ప్రాణం అక్కడే ఉంది కాబట్టి కొత్త కేసులే రాసుకోవాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ అదే గుర్తొచ్చింది. చాలా ఏళ్ల క్రితం మేం కొందరు మిత్రులం ఇలాగే ఉత్సాహపడి, మా మా ఆస్పత్రుల్లో కేసులు రాసుకోవడం మొదలుపెట్టాం. ఫారంలో ఒక గడి ఉండేది: 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష, అవును లేదా కాదు. ట్యూబులో పోసిన రక్తం 20 నిమిషాల్లో గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కిందని అర్థం. ఒక ఆస్పత్రి నుంచి వచ్చిన ఫారాల్లో దాదాపు అందరికీ రక్తం గడ్డకట్టలేదని ఉంది. అక్కడ పాములన్నీ రక్తపింజరలేనా అనుకున్నాం. ఒకరోజు నేను స్వయంగా వెళ్లాను. సిస్టర్ చాలా జాగ్రత్త గల మనిషి. రక్తం తీసి, పక్కన ట్రేలో వరసగా పెట్టిన ట్యూబుల్లోంచి ఒకటి తీసింది. గాజుదే. ‘ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండి సార్, రోజూ సర్ఫ్‌తో కడిగిస్తాను’ అంది. నా గుండె జారిపోయింది. సబ్బు పట్టిన గాజులో మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. ఇంకో ఆస్పత్రిలో కనుక్కుంటే వాళ్లది ప్లాస్టిక్ ట్యూబు. గాజు గోడ తగిలితేనే గడ్డకట్టే వరస మొదలవుతుంది, ప్లాస్టిక్‌కి ఆ గుణం లేదు. అంటే మా ఆస్పత్రుల్లో ఒకే పేరుతో వేరు వేరు పరీక్షలు జరుగుతున్నాయి. ఆ గడి మొత్తం పారేయాల్సి వచ్చింది. డేటా పోయినందుకు కాదు, అవసరం లేని విరుగుడు మందు ఎంతమంది ఒంట్లోకి వెళ్లిందో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకే చెప్తున్నాను, ఆరు ఆస్పత్రుల స్టడీలో మొదటి ఖర్చు కంప్యూటర్ మీద కాదు, గాజు ట్యూబుల మీద పెట్టండి. ఒకే దుకాణంలో, ఒకే సైజువి, కొత్తవి, పొడివి కొని ఆరు చోట్లకీ పంచండి. ఒకసారి వాడాక మళ్లీ వాడొద్దు. ట్యూబుకి రెండు మిల్లీలీటర్ల రక్తం, గది ఉష్ణోగ్రతలో 20 నిమిషాలు, మధ్యలో ఎవరూ కదిలించకూడదు. గోడ గడియారం చూసి మొదలుపెట్టిన టైమ్ ట్యూబు మీదే మార్కర్‌తో రాయాలి. 20 నిమిషాలయ్యాక ఒక్కసారి వంచి చూడాలి. మళ్లీ ఆరు గంటలకి చెయ్యాలి. విషం విరిగాక లివర్ గడ్డకట్టే పదార్థాల్ని మళ్లీ తయారుచేసుకోవడానికి సుమారు అంత సమయం పడుతుంది కాబట్టే ఆ ఆరు గంటలు. ఇదంతా సిస్టర్లకి కాగితం మీద కాదు, చేసి చూపించండి. వాళ్లు చేస్తుంటే మీరు చూడండి. ప్రతి ఆస్పత్రిలోనూ మొదట ఒక ఆరోగ్యవంతుడి రక్తంతో చేయించండి. అది గడ్డకట్టకపోతే ట్యూబులో తేడా ఉన్నట్టే.

గాజు ట్యూబు విషయంలో ఎంత పట్టుదల కావాలో ఫారంలో ఉన్న ప్రతి మాట విషయంలోనూ అంతే కావాలి. ‘కిడ్నీ దెబ్బతింది’ అని మీరు ఎప్పుడంటారు? డయాలసిస్ పెట్టినప్పుడని ఒకరు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.5 దాటినప్పుడని ఇంకొకరు అంటే ఆ గడి కూడా నా పాత గడి దారే పడుతుంది. కేడీఐజీఓ అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ నిర్వచనం పెట్టుకోండి: 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరగడం, లేదా ఏడు రోజుల్లోపు ఒకటిన్నర రెట్లు కావడం, లేదా ఆరు గంటలపాటు మూత్రం కిలో బరువుకి గంటకి అర మిల్లీలీటరు కంటే తగ్గడం. దానికి చేరగానే ఒక క్రియాటినిన్, తర్వాత రోజూ ఒకటి తప్పదు. రాత్రిపూట ల్యాబు లేని ఆస్పత్రి మీ ఆరింటిలో ఉంటే ఇప్పుడే చెప్పుకోండి, జూన్‌లో కాదు.

ఎవరిని స్టడీలో చేర్చుకోవాలన్న దగ్గర మీ ఫారంలో పెద్ద పొరపాటు ఉంది. ‘కోరల గుర్తులు ఉన్న, ఏఎస్‌వి (విరుగుడు మందు) ఇచ్చిన పేషెంట్లు’ అని రాశారు. కట్లపాము సంగతి మీకు తెలియనిది కాదు. నేలమీద చాప వేసుకుని పడుకున్న మనిషిని రాత్రి కరుస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గుర్తు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు అంటూ లేస్తారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు. గ్యాస్ నొప్పి అని ఇంజెక్షన్ చేసి పంపేసిన కేసులు మనందరం చూశాం. కోరల గుర్తు షరతు పెడితే వీళ్లంతా మీ లెక్కలోంచి జారిపోతారు. అలాగే విషం ఎక్కని కాట్లు, విషం లేని పాము కాట్లు కూడా రాయాలి. పాము కాటు అనుమానంతో గేటు దాటిన ప్రతి మనిషికీ ఫారం పడాలి. ఎవరికి మందు ఇవ్వలేదో తెలియకపోతే, ఇచ్చినవాళ్ల గురించి చెప్పే మాటకి బలం ఉండదు.

పాము పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. రక్తపింజరని ఒక ఊళ్లో పింజర అంటారు, ఇంకో ఊళ్లో పొడపాము అంటారు. ఒంటిమీద పట్టీలున్న ఏ పామునైనా, విషం లేనిదైనా సరే, కట్లపామే అనేవాళ్లున్నారు. నీటిలో కనిపించే నీరుకట్టుని చూసి భయపడి వచ్చేవాళ్లున్నారు. కాబట్టి రెండు గడులు పెట్టండి. ఒకదాంట్లో పేషెంటు ఏ మాట అంటే ఆ మాటే, మార్చకుండా రాయండి. రెండోదాంట్లో డాక్టరు అభిప్రాయం, దానికి ఆధారం ఏమిటో రాయండి: పాముని తెచ్చారా, ఫోన్లో ఫోటో ఉందా, బొమ్మలు చూపిస్తే గుర్తుపట్టారా, లక్షణాల్ని బట్టి ఊహించారా, అసలు పామునే చూడలేదా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటివీ, వాటిలా కనిపించే విషం లేని పాములవీ రంగు ఫోటోలు ఒక అట్టమీద అంటించి ఆరు చోట్లా ఒకే అట్ట పెట్టండి. కానీ పాముని పట్టి తెమ్మని మాత్రం ఎవరికీ చెప్పకండి. దాన్ని చంపబోయి రెండో మనిషి కాటు తిన్న ఇళ్లున్నాయి.

అన్నిటికంటే కష్టమైన గడి టైమ్. ‘ఎన్నింటికి కరిచింది?’ అని అడిగితే మనవాళ్లు గంటలు చెప్పరు. ‘గొడ్లకి గడ్డి వేసే వేళకి’ అంటారు, ‘మొదటి బస్సు రాకముందు’ అంటారు, ‘కరెంటు వచ్చాక మోటారు వేయడానికి వెళ్లాడు’ అంటారు. అది విసుగుపడే జవాబు కాదు, మంచి జవాబు. ముందు ఆ మాట రాసుకోండి. తర్వాత దాన్ని గంటల్లోకి మార్చండి. మోటారుకి కరెంటు వదిలే టైమ్ లైన్‌మన్‌ని అడిగితే చెప్తాడు. ఇంకా మంచి సాక్షి ఒకటుంది: వెంట వచ్చినవాళ్ల ఫోను. కాటు పడ్డ వెంటనే ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఫోన్ చేసి ఉంటారు. వాళ్ల అనుమతి తీసుకుని కాల్ లిస్టులో ఆ మొదటి కాల్ టైమ్ చూడండి. 108లో వస్తే వాళ్లకి కాల్ వెళ్లిన టైమ్, ఎక్కించుకున్న టైమ్ బండి సిబ్బంది దగ్గర ఉంటాయి.

ఇలా మీకు నాలుగు టైములు కావాలి. కాటు పడిన టైము, మొదట వెళ్లిన చోటి టైము (అది మంత్రం వేసే ఆయన ఇల్లయినా, ఆర్ఎంపీ క్లినిక్ అయినా, పీహెచ్‌సీ అయినా), మీ గేటు దాటిన టైము, మొదటి వయల్ ఎక్కడం మొదలైన టైము. చివరి రెండింటి మధ్య పోయిన సమయం మనది. దాన్ని రాసుకోవడానికి సిగ్గుపడే ఆస్పత్రి ఈ స్టడీలో ఉండకపోవడమే మంచిది. ఆ రోజు ఫార్మసీలో ఎన్ని వయల్స్ ఉన్నాయన్నది కూడా రాయండి. మందు లేక రెఫర్ చేసిన కేసు, తీవ్రత వల్ల రెఫర్ చేసిన కేసు ఒకటి కావు. మందు నిండుకుంటోందని ఫారంలో కనిపిస్తే స్టడీ అయ్యేదాకా ఆగకండి, ఆరోజే సూపరింటెండెంట్‌కి చెప్పండి.

ప్రతి పేషెంట్‌కీ ఎక్కించిన వయల్స్ తయారీదారు పేరు, బ్యాచ్ నంబర్ తప్పకుండా రాయించండి. మన దేశంలో ఈ మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తోంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన డెల్టాలో రక్తపింజర కాటుకి ఆ మందు ఎంత బాగా పనిచేస్తోందన్నది చాలా విలువైన ప్రశ్న. మీ స్టడీ దాన్ని తేల్చలేదు గానీ, బ్యాచ్ నంబర్లు రాసి ఉంచితే రేపు ఎవరైనా ఆ ప్రశ్న అడిగినప్పుడు మీ ఫారాలు పనికొస్తాయి. రెండు సెకన్ల పని, వయల్ మీద స్టిక్కర్ చించి ఫారం మీద అంటిస్తే సరి.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. భయపడాల్సినంత ఏమీ లేదు. ఉదాహరణకి విషం ఎక్కినవాళ్లలో నూటికి ఇరవైమందికి కిడ్నీ దెబ్బతింటుందని మీ పాత షీట్లు చెప్పాయనుకుందాం. ఆ ఇరవైని అటూ ఇటూ నాలుగు తేడాతో చెప్పాలంటే 384 మంది కావాలి. పదిశాతం మంది మధ్యలో జారిపోతారనుకుంటే సుమారు 430. ఆ 384లో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు 77 మంది వస్తారు. ఒక్కో కారణాన్ని విడదీసి చూడటానికి కనీసం పదిమంది అలాంటి పేషెంట్లు ఉండాలన్నది పాత కొండగుర్తు. అంటే ఏడెనిమిది కారణాలకి మించి పరిశీలించలేరు. 112 ప్రశ్నలు ఎందుకు వద్దన్నానో ఇక్కడ తేలిపోతుంది. ఒక ఆస్పత్రి పేషెంట్లంతా కొంతవరకు ఒకేలా ఉంటారు, ఒకే డాక్టరు, ఒకే అలవాటు. కాబట్టి లెక్క కట్టేటప్పుడు ఎవరు ఏ ఆస్పత్రివాళ్లన్నది కలుపుకోవాలి, సంఖ్య కూడా ఇంకొంత పెంచాలి. ఈ పెంపు ఎంతో మీ దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఎస్‌పీఎం (సామాజిక, నివారణ వైద్యం) డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టీషియన్ చెప్తారు. ఆయన్ని ఇప్పుడే టీమ్‌లో కలుపుకోండి, పేరు కూడా పెట్టండి. అంతా అయిపోయాక ఎక్సెల్ షీటు పట్టుకెళ్లి ‘దీంట్లో ఏదైనా తీసిపెట్టండి సార్’ అనడం ఆయనకీ మీకూ మర్యాద కాదు.

స్టడీ జూన్ మొదట్లోనే మొదలై పన్నెండు నెలలు నిండుగా నడవాలి. దేశంలో పాము కాటు మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే జరుగుతున్నాయి. మీరు ఆగస్టులో మొదలుపెట్టి మే నెలలో ఆపితే సగం సీజన్ చేజారుతుంది. మే నెలంతా ఒక్కో ఆస్పత్రిలో ఐదారు కేసులతో ఫారం పరీక్షించండి. ఏ గడి ఖాళీగా వస్తోందో చూసి, ఆ గడిని సరిచేయండి లేదా తీసేయండి. పరీక్ష కోసం నింపిన ఆ ఫారాల్ని అసలు లెక్కలో కలపొద్దు.

మీ ఆస్పత్రికి చేరనివాళ్ల గురించి కూడా ఆలోచించండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని, ఇళ్లకి వెళ్లి మరణ కారణాలు అడిగి చేసిన పెద్ద సర్వే ఆధారంగా 2020లో లెక్క వచ్చింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆస్పత్రి రికార్డుల్లో కనిపించేది ఇందులో చిన్న ముక్క. చాలామంది ఇంట్లోనో, దారిలోనో పోతారు. కాబట్టి ‘మా ప్రాంతంలో పాము కాటు మరణాలు ఇంత’ అని మీరు రాయకూడదు, ‘ఆస్పత్రికి చేరినవాళ్లలో ఇంత’ అని రాయాలి. ప్రాణం పోయాక తెచ్చినవాళ్లకి కూడా అరపేజీ ఫారం ఉండాలి, నాలుగు టైముల్లో తెలిసినన్ని టైములతో. డాక్టరు మాట కాదని ఇంటికి తీసుకెళ్లిపోయినవాళ్లనీ వదలకండి.

రెఫర్ అయినవాళ్లు ఒకచోట చేరి ఇంకోచోట తేలతారు. మీ ఆరింటిలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లిన మనిషిని ఇద్దరిగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. మొదటి ఆస్పత్రిలో పడిన స్టడీ నంబరే రెఫరల్ చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసి పంపండి, రెండో ఆస్పత్రి అదే నంబరు కొనసాగించాలి. డిశ్చార్జి అయినంత మాత్రాన కథ ముగియదు. 30వ రోజున, 90వ రోజున ఫోన్ చెయ్యాలి. కాలు పుండు మానిందా, పనికి వెళ్తున్నారా, ఎంత అప్పు అయింది, రాత్రిళ్లు నిద్ర పడుతోందా. రక్తపింజర కాటు తిన్న ఆడవాళ్లని నెలసరి ఆగిందా, ఒళ్లు విపరీతంగా నీరసిస్తోందా అని అడగండి. ఆ విషం కొందరిలో పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుంది, నెలల తర్వాత గానీ బయటపడదు. అలాంటి వాళ్లు ఒక్కరు దొరికి, సమయానికి హార్మోను మాత్ర అందినా మీ ఫోన్ బిల్లు గిట్టినట్టే.

ఎథిక్స్ సంగతి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఇలా ఎక్కువ ఆస్పత్రులు కలిసి చేసే స్టడీకి ఉమ్మడి సమీక్ష చేసుకునే వీలు ఇస్తున్నాయి. ఒక మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ ముందుండి సమీక్షిస్తుంది, మిగతా చోట్ల స్థానికంగా ఏమైనా అభ్యంతరం ఉంటే చెప్తారు. ఏరియా ఆస్పత్రికి సొంత కమిటీ ఉండదు కాబట్టి మీది ఆ కాలేజీ కమిటీ కిందకి రాతపూర్వకంగా రావాలి. ప్రతి సూపరింటెండెంట్ అనుమతి పత్రం విడిగా కావాలి. వీటికి మూడు నాలుగు నెలలు పట్టినా విసుగుపడకండి.

అనుమతి పత్రం మీద సంతకం కోసం వయల్ ఎప్పుడూ ఆగకూడదు. ముందు చికిత్స, మనిషి తేరుకున్నాక స్టడీ గురించి చెప్పడం, ఒప్పుకుంటే సంతకం. ఇలా చేస్తామని దరఖాస్తులోనే రాసి కమిటీ ఒప్పుదల తీసుకోండి. చదువురానివాళ్లకి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర వేయించండి. వద్దన్నవాళ్ల చికిత్సలో వెంట్రుకవాసి తేడా ఉండదని మొదటి వాక్యంలోనే చెప్పండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పుస్తకం బీరువాలో తాళం వేసి వేరే ఉండాలి, కంప్యూటర్లోకి నంబర్లు మాత్రమే వెళ్లాలి. ఫారాల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఒక్కరు మొదలుపెట్టినా ఆపించండి.

చికిత్స విషయంలో ఆరు చోట్లా ఒకే పద్ధతి ఉండాలి, అది జాతీయ ప్రమాణ చికిత్సా విధానమే కావాలి. విషం ఎక్కిన లక్షణాలుంటే పెద్దలకైనా పిల్లలకైనా ఒకే మొదటి డోసు, స్కిన్ టెస్ట్ లేదు, అడ్రినలిన్ సిరంజీలోకి తీసి పక్కన సిద్ధంగా ఉండాలి. ఎక్కడైనా దీనికి భిన్నంగా జరుగుతుంటే ‘మనం చూసేవాళ్లమే కదా’ అని చూస్తూ ఊరుకోకండి. సరిదిద్దండి, ఎప్పుడు సరిదిద్దారో తేదీ రాసుకోండి.

పనిచేసేవాళ్ల గురించి ఒక మాట. ఈ ఫారం నింపేది మీరు కాదు, రాత్రి డ్యూటీ సిస్టర్లు, హౌస్ సర్జన్లు. వాళ్ల పేర్లు కృతజ్ఞతల్లో చిన్న అక్షరాల్లో వేసి చేతులు దులుపుకోవద్దు. పేపర్లో ఎవరి పేరు ఏ వరసలో ఉంటుందో మొదటి పేషెంట్ రాకముందే కాగితం మీద రాసి ఆరుగురూ సంతకాలు పెట్టండి. స్నేహాలు చెడేది ఇక్కడే, నేను చూశాను. నెలకోసారి ఆన్‌లైన్‌లో కలవండి. ప్రతి ఆస్పత్రి ఫారాల్లో పదింటికి ఒకటి తీసి కేస్ షీటుతో సరిచూసే బాధ్యత ఇంకో ఆస్పత్రివాళ్లకి అప్పగించండి. డేటా ఎక్కించడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటి ఎంచుకుని ఆరుగురూ కలిసి నేర్చుకోండి.

చిన్న ఆస్పత్రి నుంచి ఏం తేలుతుందని మీకు ఎవరైనా అంటే, కొంకణ్‌లో మహాడ్ అనే చిన్న ఊరి డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ గారిని గుర్తుచేయండి. తేలు కాటు పేషెంట్ల మంచాల పక్కన కూర్చుని, గంట గంటకీ బీపీ, నాడి రాసుకుని, 1980లలో ప్రాజోసిన్ మాత్రతో ఆ మరణాల్ని ఆపవచ్చని చూపించిన మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన దగ్గర పెద్ద ల్యాబు లేదు. గంట గంటకీ రాసుకోవడం ఉంది.

మీకు ఇప్పుడు కాలం కూడా కలిసొచ్చింది. 2024 మార్చిలో కేంద్రం పాము కాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, 2030 నాటికి మరణాల్ని సగానికి తగ్గించాలని. అదే ఏడాది నవంబర్లో పాము కాటు కేసులు, మరణాలు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జాబితాలో చేర్చమని రాష్ట్రాలకి రాసింది. మీ ఫారం గడులు జిల్లా సర్వైలెన్స్ అధికారి అడిగే వివరాలతో కలిసేలా చూసుకోండి. ఒకే రాతతో రెండు పనులవుతాయి, సిస్టర్ల మీద భారమూ పెరగదు. మధ్యలో ఏ మండలం నుంచి కేసులు ఎక్కువ వస్తున్నాయో తేలితే, పేపర్ అచ్చయ్యేదాకా దాచుకోకుండా ఆ పీహెచ్‌సీకి చెప్పండి.

మీ ఫారం ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపుతున్నాను. 112లో 38 ఉంచాను, రెండు పేజీల్లో సరిపోతాయి. మిగతా ఐదుగురికీ చూపించండి, నేను కొట్టేసిన వాటిలో ఏదైనా మీ ప్రశ్నకి నిజంగా కావాలనిపిస్తే వాదించి మళ్లీ పెట్టించుకోండి. ఈలోగా ఒక పని చెయ్యండి. ఆరు క్యాజువాలిటీల్లో ఇప్పుడు 20 నిమిషాల పరీక్షకి వాడుతున్న ట్యూబు ఒక్కొక్కటి అడిగి తెప్పించి, మీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపండి.